ఫొటోలో రంగు: అర్థం చేసుకోవడం ఎలా, సరిచేయడం ఎలా, ఎక్కడ ఆగాలి?

మండపేటలో మా బంధువుల ఇంట్లో నిఖా జరిగిన రెండు నెలలకు ఆల్బమ్ చేతికొచ్చింది. బరువైన అట్ట, మెరిసే పేజీలు. ఇంట్లో అందరూ చుట్టూ చేరి చూస్తున్నారు. పెళ్ళికూతురి నానమ్మ కళ్ళజోడు సవరించుకుని ఒక పేజీ దగ్గర ఆగింది. "ఈ పిల్ల ఎవరమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల ఆమె మనవరాలే. చామనఛాయ అమ్మాయిని ఎడిటింగ్‌లో పాలరాతి బొమ్మలా తెల్లగా చేసేశారు. చేతుల మీది గోరింటాకు ఎరుపు కూడా ఆ తెలుపులో కొట్టుకుపోయింది. పెళ్ళికూతురు ఏమీ మాట్లాడలేదు. ఆల్బమ్ మూసి లోపలికి వెళ్ళిపోయింది.

అదే వారం ఇంకో మాట విన్నాను. ఇంట్లోనే చీరలు అమ్ముకునే ఒకావిడకు నెమలికంఠం రంగు చీర ఒకటి వెనక్కి తిరిగొచ్చింది. "ఫొటోలో నీలం, చేతికొచ్చింది ఆకుపచ్చ" అని కొన్నవాళ్ళ ఫిర్యాదు. రానూపోనూ కొరియర్ ఖర్చు ఆవిడ నెత్తినే పడింది.

ఈ రెండింటికీ మూలం ఒకటే. ఫొటోలో కనిపించే రంగు, వస్తువు రంగు ఒకటి కావు. మధ్యలో లైటు ఉంది, కెమెరా ఉంది, ఎడిటింగ్ ఉంది, చివర్లో చూసేవాళ్ళ ఫోన్ తెర ఉంది. ప్రతి చోటా రంగు కొంచెం మారుతుంది. ఎడిటింగ్ అసలు పని కొత్త రంగు పూయడం కాదు. దారిలో తప్పిపోయిన రంగును మళ్ళీ ఇంటికి తీసుకురావడం. అదెలాగో ఈ వ్యాసంలో చూద్దాం. ఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్ళకీ, కంప్యూటర్ మీద చేసేవాళ్ళకీ సూత్రాలు ఒకటే.

కెమెరాకి రంగంటే మూడు అంకెలు

డిజిటల్ ఫొటోని బాగా పెద్దది చేసి చూస్తే చిన్న చిన్న చదరాలు కనిపిస్తాయి. ఒక్కో చదరం ఒక పిక్సెల్. ప్రతి పిక్సెల్‌కి మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. దీన్నే ఆర్‌జీబీ అంటారు. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. మూడూ సున్నా అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. మూడూ సమానంగా ఉండి మధ్యలో ఎక్కడున్నా బూడిద రంగు. ఈ లెక్కన మొత్తం 1,67,77,216 రంగులు రాయొచ్చు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులో పసుపు, నీలం రంగులు కలిపితే ఆకుపచ్చ వస్తుందని నేర్చుకున్నాం. అది కాగితం మీద రంగుల లెక్క. తెర మీద ఉన్నది వెలుగు. వెలుగులో ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు వస్తుంది. మూడూ కలిస్తే తెలుపు వస్తుంది. కాగితం మీద రంగులు కలిపేకొద్దీ ముదురవుతాయి, తెర మీద కలిపేకొద్దీ వెలుగు పెరుగుతుంది.

కెమెరా సెన్సర్ మీద చుక్కలన్నీ ఒకేలా ఉండవు. కోడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ రూపొందించిన పద్ధతికి 1976లో పేటెంట్ వచ్చింది. ఇవాళ్టికీ ఎక్కువ కెమెరాల్లో, ఫోన్లలో ఆ పద్ధతే మూలం. అందులో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చకి, ఒకటి ఎరుపుకి, ఒకటి నీలానికి. మన కన్ను వెలుగులోని తేడాల్ని ఎక్కువగా ఆకుపచ్చ భాగం నుంచే పసిగడుతుంది, అందుకే దానికి రెండు వాటాలు.

రంగు, గాఢత, వెలుగు: మాయాబజార్ చెప్పే పాఠం

అంకెలు కెమెరాకి బాగుంటాయి గానీ మనం అలా ఆలోచించం. "ఎరుపే, కానీ ఇంకాస్త ముదురు" అంటాం. అందుకే ఎడిటింగ్ యాప్‌లు రంగును ఇంకోలా విడదీసి చూపిస్తాయి. హ్యూ అంటే ఏ రంగు అన్నది: ఎరుపా, పసుపా, నీలమా. శాచురేషన్ అంటే గాఢత: ఎంత చిక్కగా ఉంది, ఎంత వెలిసిపోయింది. లైట్‌నెస్ లేదా ల్యూమినెన్స్ అంటే ఎంత వెలుగు.

ఈ విభజన ఎందుకు ముఖ్యమో మాయాబజార్ ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణంతో వచ్చిన ఆ నలుపు తెలుపు సినిమాని హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ డిజిటల్‌గా రంగుల్లోకి మార్చింది. 2010 జనవరిలో అది విడుదలైంది. నలుపు తెలుపు ఫిల్ములో వెలుగు సమాచారం మాత్రమే ఉంటుంది. హ్యూ, శాచురేషన్ ఉండవు. ఒక ముదురు ఎరుపు, ఒక ముదురు ఆకుపచ్చ అందులో ఒకే బూడిద రంగుగా కనిపించొచ్చు. ఆ పట్టుబట్ట ఎరుపా, ఆకుపచ్చా అన్నది ఫిల్ము చెప్పదు, మనుషులే నిర్ణయించాలి.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఏంటంటే, రంగు పూర్తిగా పోతే కంప్యూటర్ దాన్ని ఊహిస్తుంది తప్ప గుర్తు తెచ్చుకోలేదు. ఇవాళ ఏఐ యాప్‌లు పాత ఫొటోలకి క్షణాల్లో రంగులద్దుతున్నాయి. అవి చూడ్డానికి బాగుండొచ్చు, కానీ తాతయ్య తలపాగా అసలు రంగు అదేనని నమ్మడానికి లేదు. ఇంట్లో గుర్తున్న పెద్దవాళ్ళని అడిగి వేయించండి.

ముందు తెలుపును సరిచేయండి

రంగు ఎడిటింగ్‌లో మొదటి మెట్టు వైట్ బ్యాలెన్స్. ఇదొక్కటి సరిగ్గా కుదిరితే సగం పని అయిపోయినట్టే.

పసుపు బల్బు కింద తెల్ల లుంగీ మన కంటికి తెల్లగానే కనిపిస్తుంది. మెదడు దాన్ని సర్దేస్తుంది. కెమెరాకి ఆ సర్దుబాటు సరిగ్గా రాదు. లైటు రంగును కెల్విన్లలో కొలుస్తారు. పాత ఫిలమెంట్ బల్బు 2,700 నుంచి 3,000 దాకా, అంటే పసుపు. మధ్యాహ్నపు ఎండ సుమారు 5,500. ఎండ ఉన్న రోజున చెట్టు నీడ 7,000 దాటుతుంది, అంటే నీలం. అంకె పెరిగేకొద్దీ నీలం వైపు వెళ్తుందని గుర్తుంచుకోండి.

ఒక లెక్క చూద్దాం. షామియానా కింద తీసిన ఫొటోలో తెల్ల చొక్కా మీద అంకెలు ఎరుపు 235, ఆకుపచ్చ 215, నీలం 170 అని ఉన్నాయనుకోండి. తెలుపు అయితే మూడూ దాదాపు సమానంగా ఉండాలి. నీలం తగ్గింది, అందుకే చొక్కా పసుపుగా కనిపిస్తోంది. టెంపరేచర్ స్లైడర్‌ని నీలం వైపు జరిపితే సమానానికి దగ్గరవుతుంది. దాని పక్కనే టింట్ అనే స్లైడర్ ఉంటుంది. అది ఆకుపచ్చ, మెజెంటాల మధ్య తూకం. ట్యూబ్‌లైట్ కింద మొహాలు పచ్చబారితే టింట్‌ని మెజెంటా వైపు జరపాలి.

స్నాప్‌సీడ్‌లో వైట్ బ్యాలెన్స్ దగ్గర ఐడ్రాపర్ గుర్తు ఉంటుంది. దాన్ని ఫొటోలో రంగు లేని చోట, అంటే తెల్ల బట్ట మీదో బూడిద గోడ మీదో పెట్టండి. ఉచితంగా దొరికే గింప్‌లో లెవెల్స్ తెరిచి బూడిద రంగు గుర్తున్న డ్రాపర్‌తో నొక్కాలి. ఫొటోషాప్‌లోనూ దారి ఇదే. జాగ్రత్త ఒక్కటే: పూర్తిగా వెలిగిపోయి 255కి చేరిన తెలుపు మీద నొక్కొద్దు, అక్కడ సమాచారం ఉండదు. మల్లెపూలు, దంతం రంగు షేర్వానీ, పాత గోడ సున్నం చూడ్డానికి తెలుపే గానీ నిజానికి కొంచెం పసుపు. వాటిని ఆధారం చేసుకుంటే ఫొటో మొత్తం నీలంలోకి పోతుంది.

ఫంక్షన్ హాళ్ళలో అసలు చిక్కు వేరు. స్టేజీ మీద గులాబీ ఎల్ఈడీ, పక్కన వీడియోవాళ్ళ తెల్ల లైటు, వెనక పసుపు బల్బులు. మూడు రకాల లైట్లు కలిస్తే ఒక్క స్లైడర్‌తో సరికాదు. మొహాల మీది రంగును ఆధారంగా తీసుకుని దాన్ని సరిచేయండి, వెనక గోడ ఎలా ఉన్నా ఫర్వాలేదు. చూసేవాళ్ళు మొహాలే చూస్తారు.

ఎదురు రంగులు తెలిస్తే పని తేలిక

రంగుల చక్రంలో ప్రతి రంగుకీ ఎదురుగా ఒక రంగు ఉంటుంది. ఒకటి ఎక్కువైతే ఎదురుదాన్ని పెంచాలి. గుర్తు పెట్టుకోవాల్సినవి మూడు జంటలే:

ఎరుపుకి ఎదురు సయాన్, అంటే ఆకాశనీలంలాంటి రంగు.
ఆకుపచ్చకి ఎదురు మెజెంటా, అంటే రాణి రంగుకి దగ్గర.
నీలానికి ఎదురు పసుపు.

పాత ఫొటోల దగ్గర ఇది బాగా పనికొస్తుంది. 1970, 80లలో ప్రింటు తీయించిన కలర్ ఫొటోలు చాలా ఇళ్ళల్లో ఎర్రబారి ఉంటాయి. వాటిల్లోని సయాన్ రంగు మిగతావాటికంటే ముందు వెలిసిపోవడం దానికి ముఖ్య కారణం. అలాంటిదాన్ని స్కాన్ చేశాక కర్వ్స్‌లో ఎరుపు ఛానెల్ ఎంచుకుని గీతను మధ్యలో పట్టుకుని కొంచెం కిందికి లాగండి. ఎరుపు తగ్గితే సయాన్ పెరిగినట్టే. అప్పుడు మిగతా రెండు ఛానెళ్ళు చూసుకోవచ్చు. అసలు స్కాన్ ఫైలుని మాత్రం ముట్టుకోకుండా విడిగా దాచండి. రేపు ఇంతకంటే మంచి పద్ధతి రావచ్చు.

పట్టు ఎరుపు, బంతి పసుపు ఎందుకు ముద్దగా వస్తాయి?

ఎర్ర పట్టుచీర ఫొటోలో మడతలు, నేత ఏవీ కనపడకుండా ఒకే ఎర్రటి ముద్దలా రావడం చూసే ఉంటారు. ఎరుపు ఛానెల్ 255కి చేరి అక్కడ ఆగిపోవడమే కారణం. నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పోస్తే పొర్లిపోయినట్టు, 255 దాటిన వివరం పోతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. బంతిపూల దండలతో కూడా ఇదే గొడవ.

హిస్టోగ్రామ్‌లో మూడు రంగుల గుట్టలు కనిపిస్తాయి. ఎరుపు గుట్ట కుడి గోడకి అంటుకుని పైకి లేస్తే క్లిప్ అయినట్టు. తీసేటప్పుడే వెలుగు కొంచెం తగ్గించి తీయడం మేలు. ఎడిటింగ్‌లో శాచురేషన్ పెంచే ముందు రెండుసార్లు ఆలోచించండి. శాచురేషన్ అన్ని రంగుల్నీ ఒకేలా పెంచుతుంది. అప్పటికే చిక్కగా ఉన్న ఎరుపు పొర్లిపోతుంది, మొహాలు నారింజ రంగుకి తిరుగుతాయి. వైబ్రెన్స్ అనే స్లైడర్ ఉంటే అది వాడండి. అది వెలిసిన రంగుల్ని ఎక్కువగా, చిక్కటివాటిని తక్కువగా పెంచుతుంది.

చీరలు, కాజాలు ఫొటో తీసి అమ్మేవాళ్ళకి

మండపేట మండలంలోని ద్వారపూడి బట్టల వ్యాపారానికి పేరు, తాపేశ్వరం మడతకాజాకి పేరు. ఇప్పుడు సరుకు చూపించేది వాట్సాప్‌లోనే. అక్కడ రంగు తప్పితే డబ్బు పోతుంది, నమ్మకం కూడా పోతుంది. ఈ పద్ధతి పాటించి చూడండి:

1. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట తీయండి. ఇంట్లో లైట్లన్నీ ఆపేయండి. ఒకే రకం వెలుగు ఉండాలి.
2. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి మొదటి ఫొటో తీయండి. వైట్ బ్యాలెన్స్ ఆ కాగితంతో సరిచేసి, అదే మార్పు మిగతా ఫొటోలకీ వాడండి.
3. ఫోన్‌లో ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ ఆపేయండి.
4. ఎడిట్ చేశాక చీరను ఫోన్ పక్కన పెట్టి పోల్చండి. ఇదే అన్నిటికంటే పెద్ద పరీక్ష.
5. నెమలికంఠంలాంటి రెండు రంగుల నేతకి ఒక్క ఫొటో చాలదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాబట్టి కోణం మారితే రంగు మారుతుంది. రెండు వైపుల నుంచి తీయండి, చిన్న వీడియో కూడా పంపండి. "ఒక పక్క నీలం, ఒక పక్క ఆకుపచ్చ" అని మాటల్లో రాయండి.

తినే వస్తువుల విషయంలో నీలం వైపు వాలిన ఫొటో ఆకలి చంపేస్తుంది. తెల్ల ఎల్ఈడీ కింద కాజా పాచిపోయినట్టు కనిపిస్తుంది. టెంపరేచర్ కొంచెం పసుపు వైపు జరిపితే పాకం మెరుపు తిరిగొస్తుంది. కానీ వేయని రంగు వేసినట్టు చూపించొద్దు.

చర్మం రంగు: ఇక్కడ ఆగాలి

మళ్ళీ ఆ నానమ్మ ప్రశ్న దగ్గరికి వద్దాం.

ఫిల్ము కాలంలో కోడాక్ ల్యాబ్‌లకి రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా ఫొటో పంపేది. దానికి షర్లీ కార్డు అని పేరు. అందులో తెల్లజాతి మహిళ ఉండేది. ఆమె చర్మం బాగా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టు లెక్క. ముదురు చర్మం ఉన్నవాళ్ళ మొహాలు ఆ ప్రింట్లలో వివరాలు లేకుండా నల్లగా వచ్చేవి. చాక్లెట్, ఫర్నిచర్ కంపెనీలు తమ సరుకు గోధుమ రంగులు సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేశాకే ఫిల్ములో మార్పు మొదలైందని కోడాక్‌లో పనిచేసినవాళ్ళే తర్వాత చెప్పారు. అంటే తెలుపే కొలమానం అన్న ఆలోచన యంత్రంలోకి కూడా ఎక్కిందన్నమాట.

కాలం కొంత మారింది. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన క్రీము పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసింది. 2022లో గూగుల్, హార్వర్డ్ ఆచార్యుడు ఎల్లిస్ మంక్ తయారుచేసిన పది చర్మ ఛాయల స్కేలును అందరికీ అందుబాటులో పెట్టింది. కెమెరాలు అన్ని ఛాయల్నీ సరిగ్గా చూస్తున్నాయో లేదో పరీక్షించడానికి అది పనికొస్తుంది. మన ఆల్బమ్‌లు మాత్రం ఇంకా తెలుపు దగ్గరే ఉన్నాయి.

సాంకేతికంగా తెల్లబరచడం ఎలా జరుగుతుందో చెబుతాను, అప్పుడు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. మనుషుల చర్మం ఏ ఛాయదైనా హ్యూ దాదాపు నారింజ చుట్టుపక్కలే ఉంటుంది. తేడా అంతా వెలుగులో, గాఢతలో. అందుకే ఎడిటర్లు నారింజ ల్యూమినెన్స్ పెంచి, నారింజ శాచురేషన్ తగ్గిస్తారు. మొహం తెల్లబడుతుంది. దాంతోపాటు బంగారం పాలిపోతుంది, గోరింటాకు వెలిసిపోతుంది, పెదవులు బూడిదబారతాయి. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు అవుతుంది.

మొహం చీకటిగా ఉందంటే కావాల్సింది వెలుగు, తెలుపు కాదు. ఈ రెండూ వేరు. ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. ఆ తర్వాత మొహం భాగాన్ని మాత్రమే ఎంచుకుని ఎక్స్‌పోజర్ లేదా షాడోస్ కొంచెం పెంచండి. నారింజ స్లైడర్లు కదపొద్దు. మొహం పక్కన చెయ్యి, మెడ, పక్కనున్న తల్లి మొహం చూడండి. కుటుంబం కుటుంబంలా కనిపించాలి. కంటి తెల్లగుడ్డు, పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయంటే కూడా చెయ్యి దాటినట్టే.

"కస్టమర్లే తెల్లగా చేయమంటారు సార్" అని స్టూడియోవాళ్ళు అంటారు. నిజమే, అడిగేవాళ్ళున్నారు. అయితే అడిగేది తరచుగా పెద్దవాళ్ళు, ఫొటోలో ఉన్నది అమ్మాయి. ఆమెనే అడగండి. రెండు నమూనాలు పక్కపక్కన పెట్టి చూపించండి. ఆల్బమ్ ఇచ్చే కుటుంబాలు కూడా ముందే ఒక మాట చెప్పండి: "వెలుగు పెంచండి, రంగు మార్చొద్దు."

తెర నుంచి ప్రింటు దాకా

తెర మీద బాగున్నది కాగితం మీద ఎందుకు మారుతుంది? తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. ఫ్లెక్సీ, కరపత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో చూపిస్తాయి. దీన్ని సీఎంవైకే అంటారు. తెర మీది మెరిసే చిలకపచ్చ, నియాన్ గులాబీ ఆ సిరాల్లో దొరకవు. అందుకే డల్‌గా వస్తాయి. ఇది ప్రెస్సువాళ్ళ తప్పు కాదు. డిజైన్ దశలోనే సీఎంవైకేలో ఎలా కనిపిస్తుందో చూసుకోవాలి.

ఫొటో పేపరు మీద ముద్రించే ల్యాబ్‌లు సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ ఫైలు అడుగుతాయి. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ 1996లో ప్రతిపాదించిన ఈ ప్రమాణమే ఇంటర్నెట్‌కీ, చాలా ఫోన్లకీ ఉమ్మడి భాష. కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ పెట్టి తీసిన ఫొటోని అలాగే వాట్సాప్‌కో వెబ్‌సైట్‌కో పంపితే రంగులు వెలిసినట్టు కనిపించొచ్చు. సేవ్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి.

ఎడిట్ చేసేటప్పుడు ఫోన్‌లో నైట్ మోడ్, కంటి రక్షణ మోడ్ ఆపేయండి. అవి తెరను పసుపు చేస్తాయి, మీరు తెలియకుండానే ఫొటోని నీలం చేసేస్తారు. ఎడిట్ చేసిన ఫొటోని ఇంకో రెండు ఫోన్లలో చూడండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు కుదించకుండా వెళ్తుంది.

ఫ్లెక్సీ మీద అక్షరాల సంగతి కూడా ఒక మాట. ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు రంగుల అంధత్వం ఉన్నవాళ్ళకి కనిపించకపోవచ్చు. మగవాళ్ళలో ఇది ఎక్కువ. డిజైన్‌ని ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అక్షరాలు చదవగలిగితే వెలుగులో తేడా ఉన్నట్టు. వెబ్ పేజీల్లో మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5 రెట్లు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం.

వరుస తప్పొద్దు

ఎప్పుడూ ఈ వరుసలో వెళ్ళండి. అసలు ఫైలు కాపీ దాచండి. వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. వెలుగు చూడండి. కాంట్రాస్ట్ చూడండి. ఆ తర్వాతే రంగు, అదీ కొంచెం. చివర్లో పది నిమిషాలు పక్కన పెట్టి మళ్ళీ చూడండి. కన్ను ఏ రంగుకైనా త్వరగా అలవాటు పడిపోతుంది, విరామం ఇస్తేనే తప్పు తెలుస్తుంది.

ఆ నిఖా ఆల్బమ్ సంగతి: స్టూడియో వాళ్ళ దగ్గర అసలు ఫైళ్ళు ఉన్నాయి. కొన్ని పేజీలు మళ్ళీ ప్రింటు తీసిచ్చారు. ఈసారి మనవరాలి గోరింటాకు ఎర్రగా పండింది, మొహం తన మొహంలాగే ఉంది. నానమ్మ ఏమీ అడగలేదు. పేజీ మీద చెయ్యి పెట్టి కాసేపు అలా ఉంచింది.